వెంకటలక్ష్మమ్మ చూసిన మూడు అంగన్‌వాడీలు

సోమందేపల్లి దగ్గరి పల్లెలో వేరుశనగ పండించుకునే వెంకటలక్ష్మమ్మ ఏనాడూ బడి గడప తొక్కిన మనిషి కాదు. అలాంటిది, మనవరాలిని ఏ అంగన్‌వాడీలో చేర్చాలో తేల్చుకోవడానికి మూడు ఊళ్ళు చూసింది. నవీనకు మూడున్నరేళ్ళు. చెవులు బాగానే వినిపిస్తున్నాయని హిందూపురం డాక్టరు చెప్పాడు. అయినా ‘అవ్వా’ అన్న పిలుపు తప్ప ఆ పిల్ల నోట మరో మాట లేదు.

"ఊర్లోనే ఉండాది కదా అంగన్‌వాడీ. ఇంగ యాడికి పోతాండావు?" అన్నాడు భర్త నాగరాజు.

"ధర్మవరంలో చీర కొనాలంటే నాలుగంగళ్ళు చూస్తాము. బిడ్డను యాడ కూర్చోబెట్టల్లో చూడొద్దా?"

తమ ఊరిది కొత్త భవనం. గోడల నిండా బొమ్మలు. గుడ్డూ పాలూ వేళకు ఇస్తారు. కానీ పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుంటే, టీచరు ఫోన్‌లో హాజరు ఎక్కించుకోవడంతోనే పొద్దు గడిచిపోయింది. రెండో ఊళ్ళో టీచరు నవ్వుముఖం మనిషే, పాటలు బాగా పాడించింది. అయితే నవీనను ముందు నిలబెట్టి "పేరు చెప్పు, పేరు చెప్పు" అని నాలుగుసార్లు అడిగేసరికి పిల్ల అవ్వ కొంగులో దూరింది.

మూడోది పెనుకొండ దారిలో ఒక అద్దె గది. గోడలు పెచ్చులూడుతున్నాయి. లోపల టీచరు రూతమ్మ పిల్లల మధ్య నేలమీదే కూర్చుని ఉంది.

"మా పాప మాట్లాడదు టీచరమ్మా" అంది వెంకటలక్ష్మమ్మ, ముందే చెప్పేస్తే మంచిదని.

"మాట్లాడకపోతే ఏమమ్మా? ఈడ శానా పనుండాది. రా తల్లీ."

చింతపిక్కలు, వేరుశనగలు కలిపి నవీన ముందు పోసింది. పిల్ల వాటిని వేరుచేస్తూ కూర్చుంది. అవ్వ గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. పద్దెనిమిది మంది పిల్లలు. మడకశిర వైపు నుంచి వచ్చిన పిల్లవాడితో రూతమ్మ కన్నడంలో మాట్లాడింది. ఏడుస్తున్న పిల్లను ఊరుకోమనలేదు, పక్కన కూర్చుంది, అంతే. ఎవరికి ఏ మాట కావాలో, ఎవరికి అసలు మాటే వద్దో ఆమెకు తెలుసు. వెంకటలక్ష్మమ్మ ముగ్గురు బిడ్డల్ని పెంచింది కానీ, ఒక్కరినైనా ఇంత నిదానంగా ఎప్పుడైనా చూసిందా? మర్నాడూ పిల్లను అక్కడికే తీసుకొచ్చింది.

మూడో రోజు పక్కనున్న పిల్లవాడు నవీన చింతపిక్కలు గుప్పెడు లాక్కున్నాడు.

"నావి! ఈయి నావి!"

నవీన గొంతు గదంతా వినబడింది. వెంకటలక్ష్మమ్మ గోడ దగ్గర్నుంచి లేచి నిలబడింది. రూతమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు, కేకలేయలేదు. రోజూ వినే మాటే అన్నట్టు పిల్లవాడి వైపు తిరిగి, "ఇన్నావు కదప్పా, అవి పాపవంట. ఇచ్చేయి" అంది.

పిల్లలు వెళ్ళిపోయాక వెంకటలక్ష్మమ్మ చేతులు జోడించింది. "ఎట్ల చేస్తివి టీచరమ్మా?"

"నేనేం చేయలేదమ్మా. పాపకు మాటతో పని పడింది."

ఆ తర్వాత రెండేళ్ళూ ఆమె మనవరాలిని రోజూ రెండు మైళ్ళు నడిపించుకుపోయింది. ఇప్పుడు నవీన ఒకటో తరగతి. ఇంట్లో నాగరాజుకు మాట్లాడే సందే దొరకడం లేదు. వెంకటలక్ష్మమ్మ మాత్రం ఆ దారిన పోయినప్పుడల్లా రూతమ్మ గది బయట కాసేపు నిలబడి, లోపలికి చూసి వస్తుంది.