ఊఁ కొట్టిన సాయంత్రం

మొన్న ఆదివారం పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోలో ఇరుక్కుపోయి ఉండగా, పక్క భవనం రెండో అంతస్తు నుంచి తబలా శ్రుతి చేస్తున్న చప్పుడు వినబడింది. చిన్న సుత్తితో అంచు మీద కొట్టడం, వేలితో మోగించి చూడటం, మళ్ళీ కొట్టడం. చుట్టూ హారన్లు, పైన మెట్రో, వాటి మధ్య ఈ చప్పుడు. ఒళ్ళు ఝల్లుమంది. కచేరీ ఎవరిదో, ఏ భాషలోనో తెలియదు. ఆటోకి డబ్బులిచ్చేసి మెట్లెక్కేశాను. మా ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు. అనుకోనివ్వండి. ఈ పిచ్చి నాకు అంటించింది అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడిపిన సరోజన ఆంటీ.

నేను తెనాలి నుంచి కంప్యూటర్ కోర్సు కోసం వచ్చి ఆవిడ హాస్టల్లో చేరాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు తప్ప నోరు విప్పేదాన్ని కాదు. క్లాసులో మొదటి వారమే ఏదో సందేహం అడిగితే వెనక బెంచీ నుంచి ఎవరో నా యాసను అనుకరించారు, అందరూ నవ్వారు. ఆ రోజే నోటికి తాళం వేసేసుకున్నాను. ఇంటర్వ్యూల్లో కూడా ఆ తాళం తెరుచుకునేది కాదు.

ఆదివారం పొద్దున మిగతా హాస్టళ్ళలో వేడినీళ్ళ కోసం గొడవలు జరిగేవి. మా దగ్గర ఆంటీ ఇడ్లీ ప్లేట్లు పక్కకు జరిపి, టేబుల్ మీద పేపర్ పరిచి, ఊళ్ళో ఆ రోజు ఏ కార్యక్రమాలున్నాయో గట్టిగా చదివేవారు. "శ్రీనగర్ కాలనీల బొమ్మల ఎగ్జిబిషన్ ఉన్నది. సాయంత్రం నాటకం సుత ఉన్నది. ఎవలొస్తరు?"

"రేపు టెస్ట్ ఉంది ఆంటీ," అనేది ఎవరో ఒకమ్మాయి.

"టెస్టు రేపు గదా! నాటకం ఇయ్యాల్నే."

ఇక చేసేదేముంది, ఆవిడ వెంట బయలుదేరేవాళ్ళం. ఎగ్జిబిషన్‌లో అర్థం కాని బొమ్మ ముందు నిలబడి ఆ చిత్రకారుణ్ణే పిలిచి, "నాకు సమజ్ గాలే అన్నా, జర చెప్పు" అనేవారు. అతను సంబరంగా చెప్పేవాడు. ఉర్దూ కవులు కవితలు చదివే ముషాయిరాలో అందరికంటే ముందు "వాహ్" ఆవిడదే. మేము మాత్రం సిగ్గుతో తలలు దించుకునేవాళ్ళం. దానికే ఆవిడకు మా మీద కోపం. "బెల్లం కొట్టిన రాళ్ళ లెక్క కూసుంటరేంది? సినిమాల విజిళ్ళు కొడ్తరు గదా. గీడ మనుషులు మీ ముంగట నిలబడి పాడుతున్నరు. మీరు ఇంటున్నరని ఆళ్ళకు తెల్వాలె."

ఒకసారి పంజగుట్టలో ఓ చిన్న సంస్థ జానపద కళల సాయంత్రం పెట్టింది. ఆంటీ నెల రోజులు వాళ్ళ వెంటపడి తన పుట్టింటి ఊరి నుంచి లచ్చవ్వను పిలిపించారు. లచ్చవ్వ తంబుర మీటుతూ కథ చెబుతుంది. పట్నంలో చెప్పడం అదే మొదటిసారి. హాస్టల్ పిల్లలందరం ముందు వరసల్లో కూర్చున్నాం. తీరా చూస్తే లచ్చవ్వ ఒంటరిగా వచ్చింది. ప్రతి మాటకూ ఊఁ కొట్టి కథ నడిపించే చెల్లెలికి జ్వరమట.

"పోనీ రెండు పాటలు పాడి ముగించేయమనండి," అన్నారు నిర్వాహకులు.

లచ్చవ్వ తంబురను గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది. "ఊఁ కొట్టేటోళ్ళు లేకుంటే కథ ఎట్ల నడుస్తది బిడ్డా? గోడకు చెప్పాల్నా? నేను పోత."

ఆంటీ ముఖం వాడిపోయింది. పట్టుబట్టి పిలిపించిన మనిషి కథ చెప్పకుండానే తిరిగి వెళ్ళిపోతోంది. ఒక్క క్షణం హాలంతా చూసి, నా చెయ్యి పట్టుకుని లేపారు. "గీ పిల్ల కొడ్తది."

"నేనా? ఆంటీ, నా వల్ల కాదు. మీరే వెళ్ళండి!"

"నాకు వచ్చు గదా. నీకు రావాలె. నడువ్!"

స్టేజీ ఎక్కి లచ్చవ్వ పక్కన నిలబడ్డాను. కథ తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ గుట్టలెక్కిన ఓ గొల్లపిల్లది. లచ్చవ్వ మొదటి మాట పాడి ఆగింది. నేను అటెండెన్స్‌కు పలికినట్టు "ఊఁ" అన్నాను. లచ్చవ్వ తంబుర ఆపి నావైపు తిరిగింది. "నిద్రల కొడ్తున్నవా బిడ్డా? పిల్ల గుట్టెక్కుతుంటే నీకు భయమైతలేదా?"

హాలంతా గొల్లుమంది. విచిత్రం, ఆ నవ్వు నన్ను గుచ్చలేదు. ఎందుకంటే నాకు నిజంగానే ఆ పిల్ల ఏమైందో తెలుసుకోవాలని ఉంది. ఈసారి భయపడుతూ "ఊఁ!" అన్నాను. తోడేలు వచ్చినప్పుడు నా "ఊఁ" పెద్దదైంది. కింద నుంచి మా హాస్టల్ పిల్లలు అందుకున్నారు. కాసేపటికి వెనక వరసల్లోని ముసలాయనలు, టీ పట్టుకొచ్చిన మనిషి, పాటలతో ముగించమన్న నిర్వాహకులు కూడా! లచ్చవ్వ కళ్ళు వెలిగిపోయాయి. గొంతు హెచ్చింది, కథకు ఎక్కడలేని కొత్త మలుపులు వచ్చాయి. గొర్రెపిల్ల దొరికిన చోట హాలు హాలంతా ఒక్క గొంతుతో "ఊఁ" అంటే, ఆ ఆనందం తట్టుకోలేక నేను స్టేజీ మీదే గెంతాను. అంత మంది మధ్య అంత గట్టిగా నా గొంతు విన్నది అదే మొదలు. మర్నాడు క్లాసులో చెయ్యెత్తి, నా తెనాలి యాసలోనే, సందేహం అడిగాను.

తర్వాత ఉద్యోగం వచ్చింది, హాస్టల్ వదిలాను, ఆదివారాలు మాత్రం వదల్లేదు. కొన్నేళ్ళకు ఆంటీకి పక్షవాతం వచ్చిందని తెలిసి యూసుఫ్‌గూడలో వాళ్ళబ్బాయి ఇంటికి వెళ్ళాను. మాట చాలా నెమ్మదిగా వస్తోంది. వచ్చినవాళ్ళంతా ప్రేమ కొద్దీ ఆవిడ వాక్యాలు పూర్తి చేసేస్తున్నారు. అలా చేసినప్పుడల్లా ఆవిడ నోరు మూసుకుంటున్నారు.

నన్ను చూసి, "ఆ... దినం..." అన్నారు.

"లచ్చవ్వ కథ చెప్పిన దినమా అత్తమ్మా?" అంది కోడలు. ఆంటీ ఆగిపోయారు.

నేను మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని, "ఊఁ," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూశారు. చాలాసేపటికి ఇంకో మాట వచ్చింది. "వాన..."

ఆ సాయంత్రం వాన లేదు. "ఊఁ," అన్నాను.

అలా ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, కాఫీ చల్లారిపోయినా ఆపకుండా, మొత్తం చెప్పారు. లచ్చవ్వ తంబుర చుట్టేయడం, నిర్వాహకుల కంగారు, అన్నీ ఉన్నాయి. నేను మాత్రం కింద ముందు వరసలో కూర్చుని ఉన్నాను. ఆవిడ కథలో స్టేజీ ఎక్కింది ఆవిడే. ఊఁ కొట్టి హాలంతా ఊపేసింది ఆవిడే. "మస్తు... కొట్టిన..." అని నవ్వారు.

నేను కళ్ళు తుడుచుకుని, హాల్లో అన్నంత గట్టిగా, "ఊఁ!" అన్నాను.

ఆంటీ ఇప్పుడు లేరు. ఆ సాయంత్రం గురించి ఎవరైనా అడిగితే నేను ఆవిడ చెప్పినట్టే చెబుతాను. మీకు మాత్రమే ఇలా చెప్పాను.