శనివారం వచ్చిన పళ్ళ చక్రాలు

మోటారు సైకిలుకు చైను మారిస్తే, అది ఎక్కి తిరిగే పళ్ళ చక్రాలు కూడా మార్చాలి. ముందు చిన్నదీ, వెనక పెద్దదీ, రెండూ. యాభైల్లో ఆదోనిలో రిపేరు షెడ్డు నడిపిన రోజుల్లో ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. "చైను పోతే చైను ఎయ్యప్పా, చక్రాలు గుండ్రంగానే ఉండాయి కదా" అనేవాళ్ళు. గుండ్రంగా ఉంటే సరిపోతుందా? సాగిన చైను చక్రం పళ్ళను కొడవలి మొనల్లా అరగదీస్తుంది. వాటి మీద కొత్త చైను కుదురుగా కూర్చోదు, పళ్ళెక్కి జారుతుంది. ఇంత తెలిసినవాణ్ణి, ఒకసారి నా చేతులారా అదే పని చేశాను.

ఆ బండి ఒక పత్తి సావుకారి కొడుకుది. ఓడలో దిగిన రేసు బండి, మా ఊళ్ళో అలాంటిది ఇంకొకటి లేదు. అది బజార్లోకి వస్తే పత్తిబండ్ల ఎద్దులు బెదిరి కాడి పడేసేవి. అతను మంచివాడే గానీ దుడుకు మనిషి. నన్ను అన్నా అనేవాడు. చైను రెండు చోట్ల పగిలిందని బండి నా దగ్గర వదిలితే, కొత్త చైనూ చక్రాలూ పంపమని మద్రాసుకు రాశాను. చైను బుధవారం వచ్చింది. చక్రాలు విడిగా రైలు పార్శిలులో శనివారం పొద్దున దిగాయి. నేనే స్టేషనుకు పోయి తెచ్చుకుని, బల్ల మీద పెట్టి, పనిలోకి దిగబోతున్నాను. అంతలో తండ్రీ కొడుకులిద్దరూ ఆయాసపడుతూ వచ్చారు.

సావుకారి కూతుర్ని ఎమ్మిగనూరిలో ఇచ్చారు. రెండో కాన్పు అత్తగారింట్లోనే అయి పది రోజులైంది. బాలింత జ్వరం పట్టుకుంది. డాక్టరు రాసిన సూదిమందు అక్కడ దొరకలేదు. మధ్యాహ్నం లోపల అది పడకపోతే నా చేతుల్లో ఏమీ లేదన్నాడట. ఆదోనిలో మందుంది, తీసుకుపోయే దారి లేదు. పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది, మళ్ళీ బస్సు సాయంత్రమే. ఊళ్ళో ఉన్న ఒక్క బాడుగ కారూ యాత్రికులతో మంత్రాలయం పోయింది.

"గంటలో బండి కావాలన్నా" అన్నాడు కొడుకు.

"అయితాది. నువ్వు పోయి మందు తీసుకోని రా" అన్నాను.

అతను అటు పోగానే సావుకారి కన్ను బల్ల మీద పడింది.

"ఇవి యాడివప్పా?"

"కొత్త చక్రాలు సామీ. పొద్దున్నే దిగినాయి."

ఆయన ముఖం పాలిపోయింది. "శనివారమప్పా ఈ పొద్దు! శనివారం ఇనుము తెచ్చుకుంటారా ఎవరన్నా? ఆడ నా బిడ్డ ప్రాణం మీదికొచ్చి ఉంటే, ఈ ఇనుము బండికేసి దాని గడపలోకే తోలమంటావా? వద్దే వద్దు. చైను బుధవారమే వచ్చింది కదా, అదెయ్యి. చక్రాలు రేపెయ్యి."

"పాత పళ్ళ మీద కొత్త చైను నిలబడదు సామీ. దోవలో జారితే ఏం గతి?"

"ఇన్నాళ్ళూ ఆ పళ్ళ మీదనే కదా తిరిగినాడు?"

అరిగిన చైనూ అరిగిన పళ్ళూ ఒకదానికొకటి అలవాటు పడ్డాయి సామీ అని చెప్పబోయాను. ఆయన వినే స్థితిలో లేడు. కూతురి పేరున అర్చన చేయించి వస్తానని ఆంజనేయస్వామి గుడికి బయల్దేరాడు.

షెడ్డులో నేనొక్కణ్ణే మిగిలాను. గంట టైముంది. గబగబా విప్పితే ఆ గంట చాలు. కొత్త చక్రాలు వేసి, పాతవాటిలా కనబడేలా ఇంత మడ్డి ఆయిలు పూస్తే ఆయనకేం తెలుస్తుంది? ఆ మాట తోచలేదని అబద్ధం చెప్పను. తోచింది. స్పానరు చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఆ పిల్లకేమైనా అయితే, శనివారం ఇనుము వేసింది వీడేనని రేపు నా వైపే వేలు చూపిస్తారు. ఆ భయం ఒకటి. నా పని నాకే నేర్పుతాడా, అనుభవించనీ అనే పౌరుషం ఇంకొకటి. ఛీ, ఏం మనిషిని! పాత చక్రాల మీదనే కొత్త చైను ఎక్కించి బిగించేశాను.

కొడుకు మందు పొట్లం చొక్కా లోపల పెట్టుకుని బండెక్కాడు. "మెల్లగా పో నాయనా, ఎత్తు వస్తే యాక్సిలరేటరు గట్టిగా తిప్పొద్దు" అన్నాను. అక్కకు ప్రాణం మీదికొస్తే ఎవడు మెల్లగా పోతాడు? మలుపు తిరగకముందే బండి అరుపు వినిపించింది.

పెద్దకడుబూరు దోవ చీలే చోటు దాటాక, చిన్న ఎత్తు మీద చైను జారి, ఇంజనుకూ చిన్న చక్రానికీ మధ్య చుట్టుకుని తెగిందట. పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది, మందు సీసాలు పగల్లేదు. ఆ ఎండలో కుంటుకుంటూ నడిచి, దొరికిన ఎద్దుల బండి ఎక్కి, పొద్దు వాలే వేళకు ఎమ్మిగనూరు చేరాడు. ఆమె అప్పటికి గంట ముందే పోయింది.

దోవలో పడిన బండిని నా షెడ్డుకే చేర్చారు, నేను మద్రాసు నుంచి ఇంకో చైను తెప్పించి పెట్టాను. కర్మలన్నీ అయ్యాక సావుకారి షెడ్డుకు వచ్చాడు. పది పదిహేను రోజుల్లోనే మనిషి సగమయ్యాడు. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకుని లేచి నిలబడ్డాను. ఆయన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాయనా, ఆ పొద్దు నువ్వు నా మాట ఇన్న్యావు. లేకుంటే కొడుకును కూడా పోగొట్టుకుంటాంటిని. చైను తెగినా వాణ్ణి మోకాలి దెబ్బతో ఇడిసిపెట్టినాడు దేవుడు. నువ్వు సల్లగుండాల."

నిజం గొంతుదాకా వచ్చింది. కక్కితే నా గుండె తేలికపడేది. ఆ బరువు మోయాల్సింది మాత్రం ఆయనే. కూతుర్ని తన నోటి మాటే చంపిందని తెలిసి ఆయన ఎన్నాళ్ళు బతుకుతాడు? ఇప్పటికీ నాకు తెలియనిది ఒక్కటే. ఆయన మీద జాలితో నోరు మూసుకున్నానా, నా తప్పు బయట పడుతుందనా?

"అవును సామీ" అన్నాను.

"ఈ పొద్దు బుధవారమే కదా. ఆ చక్రాలు ఇప్పుడెయ్యి" అని ఆయన బల్ల మీద కూర్చున్నాడు. పని అయ్యేదాకా లేవలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే కూతురు తల్లి దగ్గరికి కూడా పోకుండా తన వేలు పట్టుకునే పడుకునేదని చెబుతూ ఉన్నాడు. నేను తలెత్తకుండా నట్లు బిగిస్తూ, ఊఁ కొడుతూ ఉన్నాను.