కరెంటు చుట్ట

ఇంకా పుట్టని వస్తువుని ముందే కొనేసుకునే పిచ్చి ఒకటి ఉండేది ఆ రోజుల్లో మా ఈడు వాళ్ళకి. ఎక్కడో ఏదో దేశంలో ఇద్దరు కుర్రాళ్ళు గ్యారేజీలో కూర్చుని, "మేమొక అద్భుతం తయారు చేయబోతున్నాం, మీరంతా తలా కాస్త చందా వేస్తే మొదలుపెడతాం" అని ఇంటర్నెట్‌లో వీడియో పెట్టేవారు. వెనకాల గిటారు మోగుతుండేది. మనం చందా వేసేవాళ్ళం. వాళ్ళు చేసేవారు, లేకపోతే చేస్తున్నామని చెబుతూ ఉండేవారు. దానికి క్రౌడ్‌ఫండింగ్ అని గంభీరమైన పేరు. నేనప్పుడు పోర్ట్ క్లాంగ్ రేవులో కంటైనర్ల గోదాములో కొత్తగా ఉద్యోగంలో చేరాను. చేతిలో మొదటి స్మార్ట్‌ఫోను, బుర్ర నిండా లోకాన్ని బాగుచేసేద్దామన్న ఉబలాటం. నా లోకం అప్పటికి చాలా చిన్నది లెండి. అందులో పెద్ద మనిషి మా నానమ్మ.

నానమ్మ బాగన్ దాతుక్‌లో కొబ్బరి ఎస్టేటు పక్కన మా అత్త ఇంట్లో ఉండేది. అమ్మా నాన్నా ఫ్యాక్టరీ షిఫ్టుల్లో తిరుగుతుంటే నన్ను పెంచింది ఆవిడే. నా మొదటి మాటలు ఆవిడ దగ్గర నేర్చినవే (మొదటి తిట్లు కూడా). విజయనగరం వైపు నుంచి ఓడెక్కి ఈ మలాయి దేశానికి వచ్చిన వాళ్ళమ్మ దగ్గర్నుంచి ఆవిడకి దక్కిన ఆస్తి ఒక్కటే, అడ్డపొగ. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను: చుట్ట వెలిగించి, వెలుగుతున్న కొసని నోట్లో పెట్టుకుని, చల్లటి కొసని బయటికి వదిలి పొగ పీల్చడం. అవునండీ, నిప్పు నోట్లోనే. సముద్రం గాలికి ఆరదు, వానకి తడవదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి కొబ్బరికాయలు వలుచుకోవచ్చు, ఆ పళంగానే కోడళ్ళని కేకలూ వేసుకోవచ్చు. చిన్నప్పుడు నేను అందరి నానమ్మల నోళ్ళలోనూ పొయ్యి ఉంటుందనే అనుకునేవాణ్ణి. బళ్ళో స్నేహితుడి నానమ్మ నవ్వితే లోపల నిప్పు కనబడలేదని, పాపం పేదవాళ్ళేమో అని జాలిపడ్డాను.

ఒకసారి పన్ను నొప్పి అంటే అత్త ఆవిడని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మలాయి భాషలో మాట్లాడటానికి నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ పన్ను సంగతి వదిలేసి అంగిలిలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, అంగిట్లో తెల్ల మచ్చలున్నాయని, నిప్పూ పొగాకూ రెండూ మానాలని, ఇప్పుడే మానితే తగ్గే వీలుందని, మానకపోతే అవి ఎక్కడికి దారి తీస్తాయో నాకు తెలిసే ఉంటుందని మెల్లగా చెప్పింది. ఇంటికి వచ్చి నేనూ అత్తా బతిమాలాం, ఏడ్చాం, కోప్పడ్డాం. ఆవిడ మా ఏడుపంతా తీరిగ్గా విని చుట్ట వెలిగించుకుంది.

"మా యమ్మ తాగినాది. ఆళ్ళమ్మ తాగినాది. ఆళ్ళకి నేని మచ్చలు నాకెక్కడివిరా? ఆ డాక్టరమ్మకి లైటు సరిగ్గా ఎలగనేదు."

సరిగ్గా ఆ వారమే నా ఫోనులో గిటారు మోగింది. జేబులో పట్టే వేపరైజరట. అందులో పొగాకు వేసి బటన్ నొక్కితే నిప్పు లేకుండా వేడెక్కుతుంది, పొగ బదులు ఆవిరి వస్తుంది. (డాక్టరమ్మ నిప్పూ పొగాకూ రెండూ అంది. నా చెవులకి నిప్పు మటుకే వినబడింది. కుర్రతనం.) వెంటనే చందా వేశాను. గోదాములో నా పక్క సీట్లో ఒక తమిళుడు ఉండేవాడు, అందరం 'మచ్చా', అంటే బావా, అనే పిలిచేవాళ్ళం. వాడు వీడియో ఆఖరిదాకా చూసి, "డేయ్, ఇది వరాదు లా" అన్నాడు. రాదని వాడి జోస్యం. నేను వాడికి ఆశావాదం మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

ఆదివారం కారేసుకుని బాగన్ దాతుక్ వెళ్ళి నానమ్మకి బొమ్మ చూపించాను. ఆవిడ ఫోనుని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఏటిది, కరెంటు సుట్టా?"

"అలాంటిదే నానమ్మా. నిప్పుండదు."

"ఎక్కడున్నాది?"

"ఇంకా చెయ్యలేదు. మేమంతా చందాలేశాం. ఇప్పుడు చేస్తారు."

"రాములోరి గుడికైతే సందా ఏస్తారు. సుట్టకి సందా ఏటిరా? ఆలు నేదు సూలు నేదు, కొడుకు పేరు సోమలింగమని."

"దీపావళికల్లా వచ్చేస్తుంది. అప్పుడైనా చుట్ట మానేస్తావా?"

ఆవిడ ఆలోచించింది. నా మొహంలో ఏం కనబడిందో ఏమో, నోట్లోంచి చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. అనబోయే మాట నోట్లో చుట్టతో అనడం ఇష్టం లేకపోయిందేమో.

"అలగే. అది ఈ ఇంట్లోకొచ్చిన రోజే సుట్ట మానేస్తాను. రాములోరి మీదొట్టు."

మా వాళ్ళకి రాములోరి మీద ఒట్టంటే ఆషామాషీ కాదు. అత్త వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి, "నేను విన్నాను, నేను సాక్షి" అంది. ఇంక నాకు కావలసింది ఒక్కటే, ఆ పెట్టె రావడం. అది రానన్నాళ్ళూ నానమ్మ నోట్లో నిప్పు ఉంటుంది, మచ్చలు పెరుగుతూ ఉంటాయి.

అది రాలేదు. దీపావళికి ఈమెయిలు వచ్చింది. గొట్టం పోసే అచ్చు సరిగ్గా కుదరలేదట. తర్వాత బ్యాటరీ దొరకలేదట. ఆ తర్వాత చైనా కొత్త సంవత్సరమని ఫ్యాక్టరీ మూసేశారట. ఒక మెయిల్లో అయితే వస్తువు ఊసే లేదు, వాళ్ళ కుక్క ఫోటో పెట్టి, "మీ ఓపికకి మా టామీ కూడా కృతజ్ఞతలు చెబుతోంది" అని రాశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోజంతా నా కళ్ళ ముందే లోకంలోని సమస్త వస్తువులూ ఓడల్లోంచి దిగుతున్నాయి, లారీలెక్కుతున్నాయి, బొమ్మలు, కుర్చీలు, టాయిలెట్ సీట్లు, అన్నీ. నా ఒక్క పెట్టె తప్ప. నేను వాళ్ళకి ఘాటైన ఉత్తరాలు రాసేవాణ్ణి. మచ్చా నా భుజం మీంచి చదివి, కోపం చాలలేదని ఇంకో రెండు మాటలు చేర్చేవాడు.

విచిత్రం ఏమిటంటే నానమ్మకి ఆ కుర్రాళ్ళంటే అభిమానం పుట్టింది. ప్రతి ఆదివారం వచ్చిన మెయిలు తెలుగులో చదివి వినిపించమనేది. బ్యాటరీ దొరకలేదంటే అయ్యో అనేది. జనం తిడుతున్నారంటే, "తల్లి కడుపున పుట్టినోళ్ళు కారేటిరా ఆళ్ళు? ఆళ్ళు మాత్రం ఏటి సేస్తారు" అని వెనకేసుకొచ్చేది. అదంతా చుట్ట వెలిగించుకుని మరీ. వాళ్ళు ఆలస్యం చేసినకొద్దీ ఆవిడకి చుట్ట దక్కుతోంది మరి, అభిమానం పుట్టదూ? నాకు మటుకు ఆ పొగ చూస్తే ఏడుపొచ్చేది.

చివరికి ఒక రోజు పెట్టె వచ్చింది, వచ్చి కస్టమ్స్‌లో ఆగింది. అక్కడి ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి నావైపు అనుమానంగా చూశాడు. మా దేశంలో ఇలాంటి గొట్టాలు చూస్తే గంజాయికేమోనని ఎవరికైనా వచ్చే అనుమానమే లెండి, ఆయన తప్పేం లేదు. ఎవరికిది అన్నాడు. మా నానమ్మకి అన్నాను. "నెనెక్?" అని మళ్ళీ అడిగాడు, నానమ్మకా అని. అవునన్నాను. ఫోనులో నోట్లో చుట్టతో ఉన్న నానమ్మ ఫోటో చూపించాను. చుట్ట ఏ వైపు వెలుగుతోందో ఆయనకి అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఇంకేమీ అడక్కుండా పెట్టె నా చేతిలో పెట్టాడు.

అత్త ఇంట్లో ఆ రోజు పండగే. నానమ్మ అన్న మాట ప్రకారం మిగిలిన చుట్టలన్నీ తీసుకెళ్ళి పొయ్యిలో పడేసింది. అవి కాలుతుంటే గుమ్మం దగ్గర నిలబడి ఆఖరి వాసన పీల్చుకుంది. తర్వాత నేను గొట్టంలో కాస్త పొగాకు నలిపి వేసి, బటన్ నొక్కి, వేడెక్కాక చేతికిచ్చాను. ఆవిడ అందుకుని, బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటు కొద్దీ, తిరగేసి వేడి కొసని నోట్లో పెట్టేసుకుంది.

"నానమ్మా, అటు కాదు, ఇటు" అని లాక్కున్నాను. పెదవి చురుక్కుమంది గాని కాలలేదు, అదృష్టం.

"ఆళ్ళు తిరగేసి సేసినార్రా" అంది ఆవిడ పెదవి తడుముకుంటూ. "ఉత్తరం రాసెయ్యి. పాపం, తెలవక సేసుంటారు."

(రాశాను. వేడి వైపు నోట్లో పెట్టుకునే వీలు కల్పించగలరా అని. 'మీ ప్రశ్న మాకు అర్థం కాలేదు, దయచేసి అలా చేయకండి' అని జవాబొచ్చింది.)

సరైన వైపు నుంచి పీల్చాక ఆవిడ తీర్పు చెప్పింది: "పొగ నేదు, ఘాటు నేదు. ఆవిరి కుడుం వాసన సూసినట్టున్నాది." అయినా ఒట్టు ఒట్టే. మొహం చిట్లించుకుంటూనే పొద్దున్నా సాయంత్రం ఆ గొట్టం పీల్చేది. వారం తిరిగిందో లేదో అది వేడెక్కడం మానేసింది. ఎర్ర లైటు నాలుగుసార్లు మిణుకుమని ఆరిపోయేది. సముద్రం ఉప్పుగాలో, మా అత్త దాన్ని ఎండలో ఆరబెట్టడమో, వాళ్ళు చేసిందే అంతో నాకు తెలియదు. రాస్తే, లోపలి భాగం మార్చాలని, ఆ భాగం ప్రస్తుతం లేదని, వచ్చాక పంపుతామని చెప్పారు. చందాలేసిన వాళ్ళలో సగంమందికి అదే జబ్బట. మళ్ళీ మొదటికొచ్చింది కథ.

అప్పుడు తెలిసింది నాకు నానమ్మ ఎంత ఇరుక్కుపోయిందో. కరెంటు చుట్ట వెలగదు. అసలు చుట్ట ముట్టుకోవడానికి లేదు. గొట్టం పనిచేస్తేనే మానతానని ఒట్టు పెట్టుకుని ఉంటే ఎలాగో తప్పించుకునేది. ఇంట్లోకి వచ్చిన రోజే మానేస్తానంది, అది వచ్చింది, అంతే. ఆ రోజుల్లో ఆవిడతో మాట్లాడటం అంటే పులి నోట్లో తల పెట్టడమే. లవంగాలు నమిలింది, పటికబెల్లం చప్పరించింది, కోళ్ళని తిట్టింది, అత్తని తిట్టింది, టీవీలో వార్తలు చదివే మనిషిని కూడా తిట్టింది. అత్త నాకు ఫోన్ చేసి, "ఈ సాక్ష్యం నాకొద్దురా బాబూ, ఒక చుట్ట తెచ్చి ఇచ్చెయ్యి" అని ఏడ్చేది. నేను వెళ్తే కారు ఆగకముందే నానమ్మ గుమ్మంలోకి వచ్చి, "వచ్చినాదా?" అనేది. రాలేదని తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఈ చేతులతోనే కదా నానమ్మని ఇలా చేశాను అని దారంతా బాధపడుతూ తిరిగొచ్చేవాణ్ణి.

అలా నెలలు గడిచాయి. కోళ్ళ మీద కోపం తగ్గింది. "వచ్చినాదా?" అని గుమ్మంలో కాక, కూర్చున్నాక అడిగేది. తర్వాత అన్నం తిన్నాక అడిగేది. డాక్టరమ్మ మళ్ళీ లైటు వేసి చూసి, మచ్చలు బాగా తగ్గాయని, ఏం మందు వాడారని అడిగింది. రాని భాగమే మందని ఎలా చెప్పను? ఆ కుర్రాళ్ళు మాట మీద నిలబడి సమయానికి మంచి వస్తువు పంపి ఉంటే, మా నానమ్మ ఈపాటికి హాయిగా దాన్ని పీలుస్తూ ఉండేది, పొగాకు ఒంట్లోకి పోతూనే ఉండేది.

ఆ భాగం రాకూడదని మనసులో అనుకున్నానో లేదో, మరుసటి వారమే వచ్చింది. కస్టమ్స్‌లో కూడా ఆగకుండా నేరుగా గోదాముకే వచ్చింది. దాన్ని డ్రాయరులో పడేద్దామనుకున్నాను. కాని ఆవిడ రాములోరి మీద ఒట్టు నిలబెట్టుకుంది, నేను ఆవిడకి అబద్ధం చెప్పనా? పొట్లం పట్టుకుని భయం భయంగా బాగన్ దాతుక్ వెళ్ళాను. నానమ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచు తీస్తోంది.

"ఏటది?"

"ఆ భాగం వచ్చింది నానమ్మా. ఇది వేస్తే మళ్ళీ పనిచేస్తుంది."

ఆవిడ పీచు తీయడం ఆపి పొట్లం వైపు చూసింది. చేయి చాపలేదు.

"వచ్చినాదంటే మళ్ళీ పీల్చాలి కదరా. రేపొస్తాది, ఎల్లుండొస్తాది అనుకుంటే ఈ వారం గడిచిపోనాది, ఆ వారం గడిచిపోనాది. మానేసినానంటే ఉండలేను నాను. రానేదంటే ఉండగలను." మొహం పక్కకి తిప్పుకుంది. "పట్టుకుపో. రానేదని సెప్పు."

"రాలేదు నానమ్మా" అన్నాను.

"అయ్యో" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పీచు తీయడం మొదలుపెట్టింది.

తర్వాత ఆ కుర్రాళ్ళ కంపెనీ మూతబడింది. మెయిళ్ళు ఆగిపోయాయి. కాని నానమ్మ బతికున్నన్నాళ్ళూ ఆదివారాలు ఆగలేదు. అన్నాలయ్యాక నేను ఫోను తీసి, ఖాళీ తెరకేసి చూస్తూ మెయిలు చదివేవాణ్ణి. ఈ వారం స్క్రూలు పొట్టివి వచ్చాయట, ఫ్యాక్టరీ మేస్త్రీకి పెళ్ళట, రంగు కుదరలేదట. ఒకప్పుడు సాకులు చెబుతున్నారని ఆ ఇద్దరినీ చెడతిట్టిన మనిషిని, వాళ్ళని మించిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే, ఒక యంత్రంతో మా నానమ్మని బాగుచేసేద్దామనుకున్న ఆ కుర్రాడి మీద నాకు నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

ఒక ఆదివారం నాకు ఎంత బుర్ర గోక్కున్నా ఒక్క సాకూ తోచలేదు. ఫోను పట్టుకుని కూర్చున్నాను. బయట వాన దంచి కొడుతోంది. నానమ్మ నా మొహం చూసి తనే అందుకుంది.

"ఈ వానకి ఓడలు ఆగిపోయుంటాయి. కదరా?"

పోర్టులో పనిచేసేవాణ్ణి, వానకి కంటైనర్ ఓడలేవీ ఆగవని నాకు తెలియదూ?

"అవును నానమ్మా, ఆగిపోయాయి" అన్నాను.