సమాధి దగ్గర ‘ఫిర్ సే!’

మొన్న శనివారం నేనేం చేసొచ్చానో వింటే మీరు నాకు టీ కూడా పొయ్యరు. మా గురువుగారి శవపెట్టెని గోతిలోకి రెండుసార్లు దింపించాను. అవును, ఒక్క మనిషినే, రెండుసార్లు! నవ్వుకుందురుగానీ, ముందు మొత్తం వినండి.

మీకు సుబేదార్ కృపారావుగారు తెలీదు కదా. గుంటూరు వైపు మనిషి. మీసం కూడా సరిగ్గా రాని వయసులో మిలిటరీ బ్యాండ్‌లో క్లారినెట్ ఊదడానికి చేరి, ఆఖరికి ఆ బ్యాండ్‌కే మాస్టరై రిటైరయ్యారు. “పెద్ద పెద్ద ఆఫీసర్లు నా మాట వినరు గానీ, నా డ్రమ్ము మాత్రం వింటారు. పరేడ్‌లో కాలు వెయ్యాలంటే నా తాళానికే వెయ్యాలి మరి” అనేవారు. రిటైరయ్యాక సొంతూరికి పోలేదు. మల్కాజ్‌గిరిలో చిన్న ఇల్లు కట్టుకుని మా స్కూల్లో బ్యాండ్ మొదలుపెట్టారు. సాయంత్రాలు ఆ ఇంటి వరండాలో ఎవరొస్తే వాళ్ళకి నేర్పారు. చర్చి పిల్లలు, రైల్వే గుమాస్తాలు, రెజిమెంటల్ బజార్‌లో పెళ్ళి బ్యాండ్ వాళ్ళు, అందరికీ అదే వరండా. ఆడపిల్లకి డ్రమ్మేమిటని మా నాన్న సణిగితే, “కొట్టేది ఎవరో డ్రమ్ముకి తెలీదులెండి” అన్నారట. చూపు తగ్గి స్కూలు మానేసిన రోజున బ్యాండ్‌ని నడిపించే తన స్టిక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. అలా నేను బ్యాండ్ టీచర్‌నయ్యాను.

ఆయన దగ్గర ఒకటే చట్టం. ఎవరైనా తప్పు వాయిస్తే స్టాండు మీద స్టిక్‌తో టకటకా కొట్టేవారు. “ఫిర్ సే!” మళ్ళీ వాయించు అని. అంతే, ఇంకో మాట ఉండదు. ఆగిన చోటు నుంచి కాదు, మొదట్నుంచీ! అందరం వాద్యాలు దించి, అటెన్షన్‌లో నిలబడి, మళ్ళీ షురూ చెయ్యాలి. తప్పు చేసినవాణ్ణి తిట్టేవారు కాదు. కానీ ఆ తప్పుని వదిలేసి ఇంటికి మాత్రం పోనిచ్చేవారు కాదు.

ఆ మనిషి శుక్రవారం తెల్లవారుజామున పోయారు. పరుగున వెళ్ళాను. ఆయన భార్య రత్నమ్మగారు మంచం పక్కన స్టూల్ మీద కూర్చునున్నారు. ఏడవడం లేదు.

“విమలా, అపస్వరం చెవిన పడితే ఆయనకి అన్నం సయించేది కాదు. నీకు తెలుసుగా. రేపు ఒక్క పాట చాలు. తప్పు లేకుండా పంపించమ్మా. నాకింకేం వద్దు” అన్నారు.

నేను మాటిచ్చేశాను.

ఆయన పాత బ్యాండ్ ఎక్కడో సరిహద్దుల్లో ఉంది. ఇక శిష్యులమే దిక్కు. ఎస్టీడీ బూత్‌లో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ కొట్టాను. సాయంత్రానికల్లా అందరూ దిగారు. ఇప్పటికీ వాయిస్తున్నవాళ్ళని బ్యాండ్‌లో పెట్టాను. వాయించడం మానేసి పొట్టలు పెంచినవాళ్ళని పెట్టె మొయ్యడానికి పెట్టాను. ఆయన లోపల పడుకుని ఉండగానే వరండాలో ప్రాక్టీస్ చేశాం. కార్నెట్, అదే ఆ పొట్టి బాకా, మా యాదగిరిది. పెళ్ళి బ్యాండ్‌లో వాయిస్తాడు కదా, ఎక్కడ అలవాటు కొద్దీ హంగులు చేరుస్తాడోనని నా భయం.

“యాదగిరీ, సంగతులు గింగతులు వెయ్యకు. సాదాగా ఊదు.”

“నేనేమన్న పాగల్‌గాన్నా అక్కా? సార్ పోయిండు. సాఫ్‌గ ఊదుత, నువ్వు పరేషాన్ గాకు.”

నిజంగానే సాఫ్‌గా ఊదాడు. ప్రాక్టీస్‌లో ఒక్క తప్పు లేదు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను కూడా.

శనివారం సమాధుల తోటలో పాస్టర్‌గారు ప్రార్థన ముగించి నా వైపు తలూపారు. శిష్యులు తాళ్ళు పట్టుకుని పెట్టె దించడం మొదలుపెట్టారు. నేను స్టిక్ ఎత్తాను. మొదటి చరణం ఎంత బాగా వచ్చిందనుకున్నారు! రెండో చరణంలో రాగం పైకెక్కే చోటుంది. అక్కడ కార్నెట్ వణికింది. వణికి, స్వరం మీద నుంచి జర్రున జారింది.

ప్రమాణం చేసి చెప్తున్నాను, నేనేమీ ఆలోచించలేదు. అక్కడ స్టాండు లేదు. పక్కనే ఎవరిదో పాత సమాధి రాయి ఉంది. దాని మీద టకటకా కొట్టేశాను.

“ఫిర్ సే! యాదగిరీ, పై స్వరం చూసుకో!”

బ్యాండ్ ఠక్కున ఆగింది. వాద్యాలు దిగాయి. అంతవరకైతే సర్దుకోవచ్చు. కానీ తాళ్ళు పట్టుకున్నవాళ్ళు కూడా ఆయన శిష్యులే కదండీ! పెట్టె అప్పటికి సగం లోపలికి దిగింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు కూడా చూసుకోలేదు. తాళ్ళు పైకి లాగేశారు! పెట్టె తెచ్చి మళ్ళీ గొయ్యి మీద చెక్కలపై పెట్టి, అటెన్షన్‌లో నిలబడ్డారు. వాళ్ళలో క్లారినెట్ ముట్టుకుని ఏళ్ళు గడిచిన బ్యాంకు మేనేజరు కూడా గుండీ బిగించుకుని నిలబడ్డాడు!

పాస్టర్‌గారు నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉండిపోయారు. వెనక నుంచి గుంటూరు బంధువుల్లో ఒకావిడ, “పైకి తీశారేంటే? ఊపిరుందంటనా?” అని అరిచింది. ఇంకొకావిడ “దేవా!” అని కూలబడింది. ఎవరో నీళ్ళ కోసం పరిగెత్తారు.

నేను పళ్ళు బిగబట్టి, “ఏం యాదగిరీ, ఇలా చేశావేం?” అన్నాను.

వాడి మొహమంతా తడి. “ఏడుపొస్తుందక్కా. ఏడుపొస్తే పెదవి నిలుస్తలేదు. ఏం జెయ్యాలె?”

ఊపిరి ఎలా పట్టాలో, వేళ్ళు ఎలా ఉంచాలో సార్ మాకు అన్నీ నేర్పారు. ఎవరెవరి చావులకో వాయించడం కూడా నేర్పారు. తన చావుకి ఎలా వాయించాలో మాత్రం ఎవరమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఏడుస్తున్నవాణ్ణి పట్టుకుని అందరి ముందూ పేరు పెట్టి అరిచానే అని సిగ్గుతో చచ్చిపోయాను. గొయ్యి ఎలాగూ తవ్వే ఉంది, నేనే దూకేద్దామనిపించింది.

రత్నమ్మగారి వైపు చూడాలంటేనే భయం. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. అయిపోయింది, ఇంత దాకా ఏడవని మనిషిని ఏడిపించాననుకున్నాను. తీరా చూస్తే నవ్వుతున్నారు! కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నారు.

“కానీవే విమలా. ఆయనున్నా ఇదే చేసుండేవారు. మళ్ళీ వాయించండి.”

యాదగిరి చొక్కా చేతితో పెదవి తుడుచుకున్నాడు. మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నాం. పెట్టె మళ్ళీ కదిలింది. ఈసారి పై స్వరం నిఖార్సుగా వచ్చింది. హమ్మయ్య అనుకుంటూ కిందికి చూశాను. అప్పుడే పెట్టె అంచు దాటి కనపడకుండా పోయింది. ఇక నేను తప్పు చేస్తే టకటకమని కొట్టి ఆపే మనిషి లేడని అప్పుడు తెలిసొచ్చింది. ఏడుపు ఆగలేదండీ. తాళం ఎక్కడుందో నాకే తెలీలేదు. నేను తొందరపడితే డ్రమ్ము తొందరపడింది, నేను ఆగితే క్లారినెట్లు ఆగాయి. పాట చివరికొచ్చేసరికి ఒక్కొక్కరూ ఒక్కో రైల్లో వచ్చినట్టు విడివిడిగా చేరారు. తలా పిడికెడు మట్టి వేశాం.

గేటు దగ్గర రత్నమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

“ఆయనకైతే నచ్చేది కాదు. నాకు మాత్రం నచ్చిందే” అన్నారు.

రత్నమ్మగారింటికొచ్చాక పాస్టర్‌గారు టీ సాసర్‌లో పోసుకుంటూ మెల్లిగా అడిగారు. “ఏమీ అనుకోకు విమలమ్మా. నాకు సంగీతం రాదు గానీ, మొదటిసారి కంటే రెండోసారే పాట ఎక్కువ చెడినట్టనిపించింది. మరి అప్పుడు ఆపలేదేం?”

“ఆపితే తప్పెవరిదో పేరు పెట్టి చెప్పాలి కదండీ” అన్నాను.