తెలియదని నొక్కిన మేడమ్‌గారు

నేను ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసిన అమలాపురం కాలేజీలో ఫిజిక్స్ మేడమ్‌గారు ఒకరుండేవారు. రోజూ క్లాసులయ్యాక కంప్యూటర్లో గెలాక్సీల ఫొటోలు చూసి, ఏది ఏ ఆకారమో బటన్ నొక్కి చెప్పేవారు. ఆ జవాబులతో ఖగోళ పరిశోధకులు ఒక కృత్రిమ మేధకు చదువు చెబుతున్నారట. అనుమానం వస్తే ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచేవారు, అవి శుభ్రంగా ఉన్నా సరే.

రెండేళ్లకు అది సొంతంగా గుర్తుపట్టడం నేర్చింది. తనకు తేలనివి మాత్రం మనుషులకు పంపేది. అలా వచ్చిన ఒక ఫొటోను ఆవిడ భోజనం మానేసి చూశారు.

"నా దగ్గర నేర్చుకున్నదే కదండీ, దానికి తెలియంది నాకెలా తెలుస్తుందండీ?" అని, చిన్నబోయిన ముఖంతో 'తెలియదు' అన్న బటన్ నొక్కారు.

కొన్నాళ్లకు ఆ పరిశోధకుల నుంచి థాంక్స్ చెబుతూ మెయిల్ వచ్చింది. ఎవరికీ అంతుపట్టలేదని దాన్ని పెద్ద టెలిస్కోపుతో చూశారట. ఢీకొంటున్న రెండు గెలాక్సీలట.

"తెలియదన్నందుకు థాంక్స్ చెప్పేరేంటండీ?" అన్నారావిడ.

"ఆయ్, నాకూ అర్థం కాలేదండి" అన్నాను.

మర్నాడు ల్యాబ్‌లో మేడమ్‌గారు అడిగిన ప్రశ్నకు ఒకమ్మాయి "తెలియదండీ" అని, తిట్లకు సిద్ధపడి లేచి నిలబడింది. మేడమ్‌గారు కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి, వెళ్లి ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చున్నారు.

"ఎక్కడిదాకా తెలుసమ్మా?" అని అడిగారు.