కొండ మీద పొంగని పిండి

ఆ రోజుల్లో మా చుట్టాలందరిలో మే నెలలో దుప్పటి కప్పుకుని పడుకునే మనిషిని నేనొక్కడినే. అంతకు మించిన హోదా ఆ తర్వాత ఏ ఉద్యోగమూ నాకు ఇవ్వలేదు. డిగ్రీ అవగానే హార్సిలీ హిల్స్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో గుమాస్తాగా చేరాను. తిరుపతిలో మావాళ్లు ఒంటిమీద తడిగుడ్డలు వేసుకుని నిద్ర కోసం పొర్లుతుంటే, నేను ఫోన్ చేసి "ఈడ సలిగా ఉండాది మా" అని అమ్మతో ముద్దుగా చెప్పేవాడిని. (ఈ ఒక్క మాటతో దూరమైన చుట్టాలు ఇప్పటికీ దగ్గర కాలేదు.) ఒక పూట బస్సు ప్రయాణంలో దేవుడు రెండు వేరువేరు కాలాలు పెట్టి, మావాళ్లకు మాత్రం ఎండ వైపే ఇళ్లిచ్చాడు.

ఆ ఫోన్లు విని నిజంగా ఆశపడింది మా అత్త ఒక్కతే. మామ (అమ్మకు తమ్ముడు) రైల్వే స్టేషన్ దగ్గర సందులో టిఫిన్ బండి నడిపేవాడు. వాళ్లది రేకుల ఇల్లు. ఉగాది దాటితే చాలు, అత్త మెడా వీపూ చెమటకాయలతో ఎర్రబడేవి, పొయ్యి ముందు నిలబడితే ఆయాసం వచ్చేది. చల్లని చోట ఉంచమని డాక్టరు చెప్పాడు. "సల్లని తావంటే యాడ, ఫ్రిజ్జులోనా?" అని మామ ఆ మాటను ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. మా గెస్ట్‌హౌస్‌లో క్యాంటీన్ ఖాళీ అవగానే నేను మేనేజర్‌ను కాళ్లావేళ్లా పడి బతిమాలాను. "ఒక పొద్దు టిఫిన్ చేసి చూపించమను. బాగుంటే క్యాంటీనూ, ఎనకాల గదీ వాళ్లదే" అన్నాడాయన. అత్తకు ఆ గది కావాలి. మామకు కొండ మీద కూడా తన ఇడ్లీకి పేరు రావాలి.

గ్రైండరుతో సహా ఇద్దరూ వచ్చారు. ఆ సాయంత్రం వాన కురిసి గాలి చల్లగా కొడుతోంది. మామ పిండి రుబ్బి, పెద్ద బేసిన్‌లో నీళ్లు పట్టుకు రమ్మన్నాడు. తిరుపతి ఎండల్లో పిండి గిన్నెను నీళ్లల్లో కూర్చోబెట్టడం మా ఇళ్లల్లో అలవాటు. లేకపోతే తెల్లారేలోపు పొంగి పొర్లి, నోట పెట్టలేనంతగా పులిసిపోతుంది.

"ఏమయ్యా, ఈడ సేతి ఏళ్లు కొంకర్లు పోతాండాయి, నీళ్లెందుకు? గోనెపట్ట కప్పుదాం" అంది అత్త.

"ఎండాకాలం పిండికి గోనెపట్ట కప్పేది యాడన్నా సూసినావా మే? పిండి సంగతి నాకు సెప్పొద్దు" అన్నాడు మామ. (ఈ మాట అంటున్నప్పుడు ఆయన చెవులకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.) ఆయనకు మే నెలంటే మే నెలే, అది ఎక్కడైనా సరే. గిన్నె నీళ్లల్లోనే కూర్చుంది.

తెల్లారి అత్త నా దగ్గరకొచ్చి మెడ తడిమి చూపించింది. "సూడు అబ్బోడా, సెమట లేదు. తెల్లార్లూ నిద్ర పోయినా." అంత తేటగా ఆమె మొహాన్ని నేనెప్పుడూ చూడలేదు. అప్పటికే వెనకాల గది ఊడ్చేసి, బట్టలకని తాడు కూడా కట్టేసింది. ఇవతల మామ గిన్నె మూత తీస్తే, పిండి ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. అయినా పట్టువదలక ఇడ్లీలు వేశాడు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెంచాతో తుంచబోతే ఇడ్లీ జారి కింద పడింది, పడ్డప్పుడు చప్పుడైంది. మేనేజర్ దాన్ని తీసి వేలితో నొక్కి చూశాడు.

"ఇదేందప్పా?"

"ఈడ నీళ్లు మంచివి కావు సార్" అన్నాడు మామ.

"సార్, ఒక్క గడియ ఉండండి, ఉప్మా సేసిస్తా" అంది అత్త. మేనేజర్ సరేనన్నట్టు తలూపాడు కూడా.

"ఉప్మా సేసేదానికి తిరపతి నుంచి రావల్లనా? సర్దు మే" అని మామ పొయ్యి ఆపేశాడు. అత్త గదిలోకి పోయి తాడు విప్పుకుని వచ్చింది. మామ మీద ఆ రోజు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

వాళ్లను బస్సెక్కించడానికి మదనపల్లె దాకా వెళ్లాను. బస్టాండు బయట గుట్టగా పోసి అమ్ముతున్న పాత బట్టల్లోంచి అత్త ఒక స్వెటర్ ఏరుకుంది. "తిరపతికి పోతా స్వెటరెందుకు మే, పిచ్చా?" అని మామ కసిరినా వినకుండా అక్కడే తొడుక్కుంది. దారిలో భాకరాపేట ఘాట్ దిగాక వడగాలి కొట్టినా, తిరుపతి బస్టాండులో దిగేదాకా విప్పనే లేదని మామ తర్వాత ఫోన్ చేసి మొత్తుకున్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లలో ఇది చెప్పి అందరినీ నవ్వించానో. అప్పటి నన్ను, ఆ కుర్రవాడిని తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. దుప్పటి కప్పుకుని పడుకున్నాడే కానీ చల్లదనం విలువ వాడికేం తెలుసు?

నేనూ తిరుపతికే వచ్చేసి చాలాకాలమైంది. కిందటి వేసవిలో, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, విసనకర్రతో విసురుకుంటున్న అత్తను అడిగాను, అంత ఎండలో ఆ స్వెటర్ ఎలా ఓర్చుకున్నావని.

"ఇప్పితే కొండ దిగొచ్చేసినట్టే గదరా" అంది అత్త. "బస్టాండు దాకా అన్నా ఆడే ఉందామని."