కవర్ల డాక్టరమ్మ, మ-ఒకటి

డాక్టరమ్మ ఇంట్లో ఏది రాలినా నేల మీద పట్టుమని పది నిమిషాలుండదు, కవరులోకి వెళ్లిపోతుంది. ఈకైనా సరే, వెంట్రుకైనా సరే, వచ్చినవాళ్ల చొక్కా గుండీ అయినా సరే. ఆవిడ వంగుతుంది, చిన్న పట్టకారుతో తీస్తుంది, కాగితం కవరులో వేస్తుంది, పైన తేదీ, చోటు, ఎవరిదో రాస్తుంది. ఆ తర్వాతే "రండి, కూర్చోండి" అంటుంది.

అందుకే వీధి వీధంతా ఆవిణ్ణి కవర్ల డాక్టరమ్మ అంటుంది. జ్వరానికి మందిచ్చే డాక్టరు కాదు. సముద్రపు పక్షుల మీద చదివి డాక్టరైంది. ఇంట్లో రెండు ఫ్రిజ్‌లున్నాయి. ఒకటి మనుషులది, ఒకటి పక్షులది. ఏది ఎవరిదో ఆవిడకు ఒక్కదానికే గుర్తుంటుంది.

ఓసారి ఆవిడ ఆడపడుచు చుట్టపుచూపుగా వచ్చింది. ఐసు కోసం ఫ్రిజ్ పైతలుపు తీసి కెవ్వుమని అరిచింది.

"అన్నయ్యా! ఐసుపెట్టెలో పీనుగ!"

"పీనుగ కాదే, పక్షి," అన్నాడు అన్నయ్య పేపరు మీంచి తల ఎత్తకుండా.

"చచ్చిన పక్షి పీనుగ కాదా?"

"ఒడ్డుకు కొట్టుకొచ్చింది, అమ్మాయీ," అంది డాక్టరమ్మ మహా సంబరంగా. "కడుపులో ఇరవై రెండు సీసా మూతలున్నాయి తెలుసా? చూస్తావా?"

ఆ పిల్ల చూడలేదు. జుట్టు పీక్కుంటూ బయటికి పరుగెత్తింది. వెంట్రుకలు రెండు రాలాయి. కవరు మీద ఇలా పడింది: "ఆదివారం, వంటగది, ఆడపడుచు, భయపడినప్పుడు."

ఇవన్నీ భర్త భరించాడు. ఆయన రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. మెయిన్ రోడ్డు మీద చిన్న షాపు. ఎన్నో ఏళ్లు నోట్లో సోల్డరింగు తీగ కరిచిపట్టుకుని, రెండు చేతులా పనిచేసిన మనిషి. కవర్లను భరించాడు, వాసనను భరించాడు. భరించలేనిది ఒక్కటే, నలభై ఏడు.

నలభై ఏడు అంటే పక్షి. కాలికి ఆ నంబరు కడియం ఉంటుంది. ఏ ఓడా ఆగని, ఏ మనిషీ ఉండని ఒక దీవిలో, రాళ్ల సందున దాని గూడు. డాక్టరమ్మ ఏటా ఒక నెల అక్కడికి వెళ్లి డేరా వేసుకుంటుంది. పద్నాలుగేళ్లుగా అదే పక్షి, అదే గూడు, అదే నెల.

ఆయనకు కుళ్లు. దాచడానికేముంది?

"ఆ పక్షిలో ఏముందని?" అని అడిగాడు ఓ రోజు.

"సముద్రమంతా ఉంది," అందావిడ. "అంత దూరాన నీళ్లలో ఏ విషం కలిసిందో మనం చెంచాతో ముంచి చూడగలమా? అది వెయ్యి మైళ్లు తిరిగి చేపలు తింటుంది. చేపల్లోని పాదరసం దాని ఒంట్లో చేరుతుంది, ఈక మొలిచేటప్పుడు ఈకలోకి దిగుతుంది. ఒక్క ఈక చాలు, అది తిరిగిన చోటంతా ఎలా ఉందో చెప్పేస్తుంది. పాపం, ఎంత మంచిదో! ఈసారి నన్ను చూడగానే నా మీద కక్కింది."

"కక్కిందా?"

"ఇంత నూనె! మూడు కవర్లు నిండాయి."

ఆవిడ మొహం వెలిగిపోతోంది. కిందటి వారం తనకు తుమ్ము వస్తే ఈ మనిషే వెళ్లి బట్టలు మార్చుకొచ్చిందని ఆయనకు గుర్తొచ్చింది.

షాపులో అయితే పుండు మీద కారం చల్లడానికి పక్కషాపు బ్యాటరీలాయన సిద్ధంగా ఉండేవాడు. పాత లారీ బ్యాటరీలు విప్పి, లోపలి సీసం పలకలు తీసి కరిగించడం ఆయన పని. పెద్ద టోపీ, చిన్న ముక్కు, అంతులేని నోరు.

"ఏం బావగారూ, మా అక్కయ్య మళ్లీ ఆ చిన్న మొగుడి దగ్గరికి బయల్దేరుతోందట?"

"నోర్ముయ్యవోయ్."

"కాదులెండి, ఆయనగారికి కడియం కూడా పెట్టిందట. మీకేం పెట్టింది?"

అక్కడే దెబ్బ తగిలేది. ఆయనకు ఆవిడ పెట్టిన బహుమతులు చెప్పుకుంటే పరువు పోతుంది. ఆరేళ్ల కిందట పుట్టినరోజుకు గోడకు బిగించే ఎగ్జాస్టు ఫ్యాను తెచ్చింది. వాచీ కాదు, చొక్కా కాదు, పొగ బయటికి తోసే ఫ్యాను! ఆ మరుసటేడు ఇనుప స్టాండు, సోల్డరింగు తీగ నోట్లో కాకుండా దానికి తగిలించుకోవడానికి. అప్పట్నించీ రోజూ ఒంటిగంటకు సబ్బు పట్టుకుని షాపుకు రావడం మొదలుపెట్టింది. పదిమంది చూస్తుండగా, చిన్నపిల్లాడికి కడిగినట్టు మోచేతుల దాకా కడిగించి, అప్పుడు క్యారియరు మూత తీసేది.

"పక్షికి కడియం, నాకు సబ్బు," అనుకుని ఆయన కుతకుతలాడేవాడు.

ఈ ఏడు తేల్చేసుకుందామనుకున్నాడు. పెళ్లయి పాతికేళ్లు నిండే రోజు సరిగ్గా ఆ దీవి నెలలోనే పడింది. "నేనో అదో చెప్పు" అని అడగాలి. ఒకవేళ "అది" అంటుందేమోనని భయం. ఆ భయంతోనే వారం గడిచింది. ఇక రేపు పొద్దున్నే పడవ.

"ఏమండీ, నా బల్ల మీద టార్చి ఉంది, కాస్త అందుకోండి!" అని కేకేసిందావిడ సామాను సర్దుతూ.

ఆయన ఆవిడ గదిలోకి వెళ్లాడు. టార్చి పక్కన లావుపాటి రిజిస్టరు తెరిచి ఉంది. ఒక్కో పక్షికి ఒక్కో పేజీ, అచ్చువేసిన గళ్లు. నలభై ఏడు పేజీ కోసం తిప్పాడు, శత్రువు గుట్టు తెలుసుకుందామని. అది అరపేజీ ఉంది. దాని తర్వాత ఇంకో పేరు ఉంది, "మ-ఒకటి". అది పదకొండు పేజీలుంది!

ఆయనకు చెమట పట్టింది. ఇన్నాళ్లూ అనవసరంగా నలభై ఏడు మీద పడి ఏడ్చాడన్నమాట. అసలువాడు వీడు.

కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"మగ. గూడు ఎన్నడూ మార్చలేదు. ఈకలు: నడినెత్తిన పలచబడుతున్నాయి. ముక్కు: పెద్దది. ఈ వయసులోనూ చూడముచ్చటగా ఉంది."

ఆయన తన ముక్కు తడుముకున్నాడు. పాతికేళ్లలో ఈ ముక్కు గురించి ఒక్క మంచి మాట విన్న పాపాన పోలేదు.

"గొంతు: ఉదయం స్నానమప్పుడు ఎక్కువ. శ్రుతి లేదు. వినిపించని రోజు తోచదు."

"నేను పాడితే తలుపు వేసుకుంటుంది!" అని పళ్లు కొరికాడు.

"కుడి రెక్కలో నొప్పి. వానాకాలం మూలుగు. కాపడం పెడితే తగ్గుతోంది."

కాపడం కూడానా! ఆయనకూ కుడి భుజం నొప్పే. ఆ సంగతి ఏ రిజిస్టర్లో రాశారు? చివరి గడిలో "సీసం" అని ఏవో అంకెలున్నాయి. అవి చూసే ఓపిక లేదు. అగ్గి మీద గుగ్గిలమై పక్షుల ఫ్రిజ్ తెరిచాడు. పై అరలో "మ-ఒకటి" కవర్లు కట్టగట్టి ఉన్నాయి. విప్పి చూడలేదు. వాడి ఈకలు చూడాల్సిన ఖర్మ తనకేమిటి? తిన్నగా పెరట్లోకి వెళ్లి కట్టకట్టంతా చెత్తడబ్బాలో పడేశాడు. పైన టీపొడి పిప్పి కూడా కుమ్మరించాడు.

"టార్చి తెమ్మంటే పెరట్లో ఏం చేస్తున్నారు?" అంటూ ఆవిడ వచ్చింది.

"నీ మ-ఒకటికి అంత్యక్రియలు."

ఆవిడ డబ్బాలోకి చూసింది. మొహం పాలిపోయింది. "అయ్యయ్యో! ఆరేళ్లవండీ అవి!"

"ఆరేళ్లా? ఆరేళ్లుగా నా ఇంట్లో, నా కళ్లముందు! ఎక్కడుంటుంది ఆ దరిద్రపు పక్షి?"

"నా ఎదురుగా ఉంది. మీరే ఆ దరిద్రపు పక్షి. మ అంటే మనిషి."

ఆవిడ చెయ్యి పెట్టి డబ్బాలోంచి ఒక కవరు తీసి, పిప్పి దులిపి, విప్పింది. లోపల నాలుగు వెంట్రుకలు, సగం నలుపు, సగం తెలుపు. పైన "సోమవారం, అద్దం ముందు, దువ్వెన" అని ఉంది.

"ఆరేళ్ల కిందట ల్యాబులో కొత్త మెషిను వచ్చింది," అంది నెమ్మదిగా. "పరీక్షకు ఏదో ఒకటి కావాలంటే ఇంట్లో ఉన్న మీ కవరు తీసుకెళ్లాను. సీసం అంకె చూసి మెషిను చెడిపోయిందనుకున్నారు. చెడిపోలేదు. సోల్డరింగు తీగలో సగం సీసమే కదా, మీరేమో దాన్ని నోట్లో పెట్టుకునేవారు, పొగ పీల్చేవారు, ఆ చేతులతోనే తినేవారు. సుగర్ పరీక్ష అని రెండు సీసాల రక్తం తీయించాను గుర్తుందా? రెండోది దీనికే. డాక్టరు, ఇప్పుడే జాగ్రత్తపడితే ఏం కాదన్నాడు."

"మరి నాకు చెప్పొద్దూ?"

"మీకా? గొంతులో చేపముల్లు గుచ్చుకుంటే షాపు తాళాలు నా చేతిలో పెట్టి కళ్లు మూసుకున్న మనిషి మీరు. చెబితే సీసంతో కాదు, బెంగతో పోతారు."

ఆయన లోపలికెళ్లి రిజిస్టరు మళ్లీ తెరిచాడు. ఈసారి సీసం గడి చూశాడు. ఫ్యాను పెట్టిన నెల నుంచి అంకె దిగింది. స్టాండు వచ్చాక ఇంకా దిగింది. సబ్బు మొదలైనప్పటి నుంచి దిగుతూనే ఉంది. వాచీ కన్నా ఫ్యాను నయమేనని మొదటిసారి అనిపించింది.

వెనకే వచ్చిన ఆవిడ వైపు తిరిగాడు.

"ఆ నలభై ఏడుని ఎన్నాళ్లకోసారి పరీక్ష చేస్తావు?"

"ఏడాదికోసారి."

"నన్ను?"

"మూడు నెలలకోసారి."

ఆయన మీసం దువ్వుకున్నాడు. నాలుగింతలు! పాపం, ఆ పక్షి మీద జాలి కూడా కలిగింది. పోనీ వెళ్లి చూసి రమ్మని పెద్దమనసుతో సెలవిచ్చాడు. పాతికేళ్ల పండుగ ఆవిడ తిరిగొచ్చాక చేసుకోవచ్చు. ఆ ఊపులో పేజీ తిప్పాడు. "మ-రెండు" కనబడింది.

"ఇదెవడు?" ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"మీ బ్యాటరీలాయన. టోపీ మన షాపులో మరిచిపోలేదూ? టోపీ ఇచ్చేశాను, అందులోని వెంట్రుకలు ఉంచుకున్నాను. అంకె చూడండి."

చూశాడు. తన మొదటి అంకెకు రెండింతలుంది.

"రెండుసార్లు చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు," అంది ఆవిడ. "ఆసుపత్రికి పదండంటే 'నాకేం రోగం' అంటాడు. నేను లేని నెల్లాళ్లూ ఎవరు చూస్తారో ఏమో."

ఆయన మళ్లీ పెరట్లోకి వెళ్లాడు. డబ్బా దగ్గర కూర్చుని, పిప్పి అంటిన కవర్లు ఒక్కొక్కటే తుడవడంలో సాయపడ్డాడు.

నెల తిరిగాక డాక్టరమ్మ దీవి నుంచి వచ్చింది. బట్టలకు నలభై ఏడు వాసన ఘాటుగానే వేస్తోంది. ఈసారి ఆయన ముక్కు మూసుకోలేదు. తెచ్చిన ఈకలు దాచడానికి ఆవిడ ఫ్రిజ్ తెరిచింది. పై అరలో కొత్త కవరొకటి ఉంది, ఆయన కోడిగీతల దస్తూరీతో.

"మ-రెండు. శుక్రవారం, నా షాపు, నా దువ్వెన (కొత్తది, నేనింకా వాడనిది). రోజూ ఒంటిగంటకు నేనే సబ్బు పట్టుకెళ్లి చేతులు కడిగించాను. నాలుగు రోజులు తిట్టాడు, అయిదో రోజు తనే చేతులు చాపాడు. రక్తపరీక్షకు లాక్కెళ్లాను, మందు రాశారు. నా పాత ఫ్యాను వాడి గోడకు బిగించాను. నాకు కొత్తది కావాలి, పుట్టినరోజు దాకా ఆగలేను. ముక్కు: చిన్నది. చూడముచ్చటగా ఏమీ లేదు."